పునర్జన్మ నమ్మకుండా ధ్యానం చేయొచ్చా? (బీపీ వచ్చిన నాస్తికుడి సందేహం)

బద్ధకిస్టు | 12 జనవరి, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి పోయేవాణ్నే తప్ప రాసింది తక్కువ. పేరు చూసి నవ్వుకోండి, ఫర్వాలేదు. మా తాత ఖమ్మం జిల్లాలో కమ్యూనిస్టు, మా నాన్న హేతువాది, నేను బద్ధకిస్టుని.

వయసు 43. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం. పోయిన నెల బీపీ 150/100 చూపించింది. డాక్టరు మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండి, నడవండి, కోపం తగ్గించుకోండి" అన్నాడు. మొదటి రెండూ ఎలా చేయాలో తెలుసు. మూడోది ఏ షాపులో దొరుకుతుందో చెప్పలేదు.

కోపం ఆఫీసులో రాదు, అక్కడ వస్తే ఉద్యోగం పోతుంది. ఇంటికొచ్చాక వస్తుంది. మా పాపకి తొమ్మిదేళ్లు. రాత్రి ఎక్కాలు చెప్పిస్తాను. ఏడెనిమిదులు ఎంత అంటే యాభై నాలుగు అంటుంది. నా దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, ఆ తర్వాత అరుపు. అరిచాక అది పెన్సిల్ కింద పెట్టేసి నోట్‌బుక్ మూలని గోటితో గిల్లుతూ కూర్చుంటుంది. ఏడవదు. ఏడిస్తే బాగుండు అనిపిస్తుంది.

ఆఫీసులో ఒకాయన పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లమన్నాడు. వివరాలు చదివితే మొదటి రోజే బుద్ధం శరణం గచ్ఛామి అనాలట, సాయంత్రం ప్రవచనాల్లో గత జన్మల సంస్కారాల మాట కూడా వస్తుందట. నాకు ఇవేవీ మింగుడు పడవు. మా ఆవిడ ఒకటే నవ్వు, "వరలక్ష్మీ వ్రతం నాడు ప్రసాదానికి తప్ప దేవుడి గది వైపు రాని మనిషి శరణు వేడతాడట" అని. నమ్మకం పక్కన పెట్టి పద్ధతి ఒక్కటే తీసుకోవచ్చా? లేక అది పప్పులో చింతపండు వేసుకుని పప్పు పారబోసినట్టా?

చార్వాకుడు | 12 జనవరి, రాత్రి 11:59

పునర్జన్మ తీసేసి, నిర్వాణం తీసేసి, శరణం తీసేస్తే మిగిలేది కళ్లు మూసుకుని ఊపిరి పీల్చడం. దానికి బుద్ధుడెందుకండీ, ముక్కు చాలు. పార్కులో గంట నడవండి, బీపీ అదే దిగుతుంది.

ఎడిసన్_సుధ | 13 జనవరి, ఉదయం 7:20

చార్వాకుడు గారు, మీ ముక్కు మాట బావుంది కానీ నా అనుభవం కొంచెం వేరు.

2019లో నాకు నడుం డిస్కు జారింది. ఇక్కడ న్యూజెర్సీలో ఫిజియోథెరపీ ఆవిడే నన్ను ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న దాని మీదే మనసు పెట్టే ధ్యానం) క్లాసుకి పంపింది. దాన్ని 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం మెడికల్ సెంటర్‌లో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టాడు. ఆయన చదివింది మాలిక్యులర్ బయాలజీ, సొంతంగా జెన్, విపశ్యన నేర్చుకున్న మనిషి. డాక్టర్లు చేతులెత్తేసిన దీర్ఘకాల నొప్పులవాళ్లని పంపమని ఆస్పత్రినే అడిగాడు. బుద్ధుడి పేరు కావాలనే ఎత్తలేదు. వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావు గంట, మధ్యలో ఒక రోజంతా మౌనం. మా క్లాసులో శరణాలు లేవు, అగరొత్తి కూడా లేదు.

మొదటి రోజు అరచేతిలో ఒక్క కిస్మిస్ పెట్టారు. పది నిమిషాలు దాన్నే చూడాలి, వాసన చూడాలి, చెవి దగ్గర నలిపి వినాలి, ఆఖరున నాలుక మీద పెట్టుకోవాలి. నాకు నవ్వాగలేదు. అమ్మ పాయసంలో గుప్పెడు వేసేది, అప్పుడు లెక్కపెట్టామా! కానీ నలభై ఏళ్లుగా తింటున్న కిస్మిస్‌కి ఒక చివర చిన్న తొడిమ మచ్చ ఉంటుందని ఆ రోజే చూశాను.

నొప్పి పోయిందా? పోలేదు. నొప్పి వచ్చినప్పుడు "ఇంక నా జీవితం ఇంతే, పిల్లల్ని ఎత్తుకోలేను, మంచాన పడతాను" అని నేను అల్లుకునే కథ తగ్గింది. బాణం తగిలినవాడు దాని మీద తనే రెండో బాణం వేసుకుంటాడని బుద్ధుడు చెప్పాడట, ఆ మాట చాలా తర్వాత చదివాను. చదవకముందే నాకు పని చేసింది.

గట్టుమీద_మాస్టారు | 13 జనవరి, ఉదయం 9:05

బద్ధకిస్టు గారూ, నేను రిటైర్డు హెడ్మాస్టర్ని, ఏలూరు దగ్గర ఊరు. 1996లో హైదరాబాద్‌లో సాగర్ రోడ్డు మీదున్న విపశ్యన కేంద్రం ధమ్మఖేత్తలో మొదటి శిబిరం చేశాను. కాబట్టి కాస్త పెద్దదిగా రాస్తాను, ఓపిక పట్టండి.

తెల్లవారుజామున నాలుగింటికి గంట. నాలుగున్నర నుంచి కూర్చోవాలి. పదకొండింటికి భోజనం, సాయంత్రం అయిదింటికి పండూ టీ, రాత్రి ప్రవచనం, తొమ్మిదిన్నరకి దీపాలు ఆపాలి. తొమ్మిది రోజులు మౌనం, కళ్లతో పలకరింపు కూడా కూడదు. మొదటి మూడు రోజులూ ముక్కు కొస దగ్గర వచ్చే పోయే ఊపిరిని గమనించడమే, దాన్ని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు. నాలుగో రోజు నుంచి తల నుంచి కాలి దాకా ఒంట్లో ఏం తెలుస్తుంటే అది చూస్తూ పోవాలి: దురద, సలుపు, తిమ్మిరి, వేడి. కదలకుండా గంట కూర్చోమన్నప్పుడు మోకాలు నిప్పుల మీద పెట్టినట్టుంటుంది. అది కూడా మారుతుందని చూడాలి. డబ్బు అడగరు. ఒక శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇస్తే తప్ప తీసుకోరు.

ఇక మీ ప్రశ్న. ఈ శిబిరాలు మొదలుపెట్టిన గోయెంకా గారు బర్మాలో మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి, సనాతన కుటుంబం. విపరీతమైన తలనొప్పి, మార్ఫిన్ దాకా వెళ్లింది. అక్కడి ధ్యాన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి 1955లో వెళితే, తలనొప్పి కోసమైతే రావద్దు, ఇంత గొప్పదాన్ని దానికి వాడితే విలువ తగ్గించినట్టు అన్నారట. ఆ ఊ బా ఖిన్ సన్యాసి కాదు. స్వతంత్ర బర్మాకి అకౌంటెంట్ జనరల్, మన భాషలో ఏజీ ఆఫీసు పెద్ద. ఆఫీసులోనే గుమాస్తాలకి ధ్యానం నేర్పేవాడు. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ చేయడం అమెరికావాళ్లు కనిపెట్టిందేం కాదు సుధమ్మా.

పునర్జన్మ సంగతికి బుద్ధుడు కేసపుత్త ఊళ్లో చెప్పిన ప్రవచనం, కాలామ సుత్తం చదవండి. విన్నారని, గ్రంథంలో ఉందని, గురువు చెప్పాడని నమ్మకండి అన్న ముక్క మన హేతువాదులంతా గోడల మీద రాసుకుంటారు. దాని చివర నాలుగు భరోసాలు ఉంటాయి, వాటిని ఎవరూ రాయరు. పరలోకం అంటూ ఉంటే మంచివాడు మంచి చోట పుడతాడు, ఇది మొదటిది. పరలోకం లేకపోతే, ఇక్కడే, ఈ బతుకులోనే ద్వేషం లేకుండా సుఖంగా ఉన్నాడు, ఇది రెండోది. మిగతా రెండూ ఇలాంటివే. అంటే మీలాంటి వాళ్లు కేసపుత్త ఊళ్లో కూడా ఉన్నారన్నమాట! అలాగని బుద్ధుడు పునర్జన్మ లేదన్నాడని దీన్ని పట్టుకుని వాదించకండి, మిగతా చోట్ల బోలెడుసార్లు చెప్పాడు. నమ్మనివాడికి కూడా తలుపు తెరిచి ఉంచాడు, అంతవరకే.

బద్ధకిస్టు | 13 జనవరి, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, ధన్యవాదాలు. తలుపు తెరిచి ఉంటే సగం టెన్షన్ పోయింది. పది రోజుల సెలవు నాకిప్పుడు దొరకదు. రోజూ ఇరవై నిమిషాలతో మొదలుపెడతాను. నిన్న రాత్రి ప్రయత్నించా. మూడో ఊపిరికి ఒక యాక్సిడెంట్ క్లెయిము గుర్తొచ్చింది, పదకొండో ఊపిరికి గురక. పక్కనుంచి మా ఆవిడ వీడియో తీసింది.

కరీంనగర్_కవిత | 13 జనవరి, మధ్యాహ్నం 2:15

వీడియో పెట్టండన్నా 😀

చిన్న భాషా సంగతి. నేను అనువాదాలు చేస్తుంటాను. ఈ మైండ్‌ఫుల్‌నెస్‌కి పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో మాట 'సతి'. తెలుగులో అలాగే రాస్తే చదివేవాళ్లకి పతీ సతీ గుర్తొస్తారు. సంస్కృతం పట్టుకుని 'స్మృతి' అంటే మనుస్మృతి గుర్తొస్తుంది. 'జాగరూకత' అంటే కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ కింద రాసే మాటలా ఉంటుంది. చాలామంది 'ఎరుక' అంటారు, మంచి మాటే, కానీ మా దిక్కు 'నాకెరుకే' అంటే నాకు తెలుసు అనే.

మా అమ్మమ్మ చేతిలోంచి గిన్నె జారిస్తే "సోయి యాడ వెట్టినవే పిల్లా" అంటది. పొయ్యి మీద పాలు పొంగితే "సోయి లేదా". సోయి అంటే తెలివిలో ఉండుడు, చేస్తున్న పని మీద ఉండుడు, నేనెవరు ఎక్కడున్న అన్నది మరవకుండుడు, అన్నీ అందులోనే ఉన్నయ్. సతికి మొదటి అర్థం కూడా గుర్తుంచుకోవడమే కదా. ఇంతకన్నా మంచి అనువాదం నాకు దొరకలేదు.

గట్టుమీద_మాస్టారు | 13 జనవరి, మధ్యాహ్నం 2:50

కవితమ్మా, ముప్పై ఏళ్లుగా చేస్తున్నదానికి నాకిప్పుడు తెలుగు పేరు దొరికింది. మా వైపు 'ఒంటి మీద స్పృహ' అంటాం. సోయి ఇంకా చిన్నది, ఇంకా బరువైనది.

నీలిజెండా | 13 జనవరి, రాత్రి 9:30

ఇంతసేపూ చదివాను. అందరూ ముక్కు, మోకాలు, నడుం గురించే మాట్లాడుతున్నారు. మతం లేని బౌద్ధం అంటూ మసాచుసెట్స్ దాకా వెళ్లారు. నాగపూర్ ఎవరికీ గుర్తు రాలేదు.

1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షల మందితో దీక్ష తీసుకున్నప్పుడు 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ తర్వాత రెండు నెలలు కూడా బతకలేదు. ఆయన చివరి గ్రంథం మరుసటి ఏడాది అచ్చయింది. అందులో ముందుమాటలోనే అడుగుతారు: సిద్ధార్థుడు ముసలివాణ్ని, రోగిని, శవాన్ని ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా చూడకుండా ఉన్నాడంటే ఎలా నమ్మాలి అని. బాబాసాహెబ్ చెప్పిన కథలో సిద్ధార్థుడు ఇల్లు వదలడానికి కారణం రోహిణి నది నీళ్లు. శాక్యులకీ కోలియులకీ నీటి తగాదా వస్తే యుద్ధం వద్దన్నందుకు. కృష్ణ నీళ్ల కోసం రెండు రాష్ట్రాల పోలీసులు సాగర్ డ్యాం మీద ఎదురెదురుగా నిలబడ్డ చోట ఉన్న మనకి ఆ కథ అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

ఆత్మ పునర్జన్మ ఎత్తుతుందన్న మాటని ఆయన ఒప్పుకోలేదు, పోయిన జన్మ కర్మ వల్లే ఈ కులంలో పుట్టావన్న మాటని అసలే ఒప్పుకోలేదు. అది ఆయనకి తత్వశాస్త్రంలో చిక్కుముడి కాదు, వీపు మీద వాత. మీరు పునర్జన్మని తీసేస్తే నాకు సంతోషమే. కానీ దాంతో పాటు పక్కవాణ్ని కూడా తీసేశారు. మిగిలింది మీరూ మీ ఊపిరీ.

మా కంపెనీలో సోమవారం పొద్దున్నే పావుగంట ధ్యానం పెట్టారు. అదే వారం మా టీములో ముగ్గురిని తీసేసి వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన వేశారు. "గమనించండి, ప్రతిస్పందించకండి" అని స్పీకర్లో గొంతు. ఎవరికి పనికొచ్చే ధ్యానం ఇది?

చార్వాకుడు | 13 జనవరి, రాత్రి 9:52

నీలిజెండా గారితో ఇంతగా ఏకీభవిస్తానని అనుకోలేదు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

తొట్లకొండ | 14 జనవరి, ఉదయం 6:10

భోగి మంట దగ్గర కూర్చుని రాస్తున్నా, పొగ కళ్లలో పడుతోంది, తప్పులుంటే క్షమించాలి.

మనమంతా 'అసలు బౌద్ధం' ధ్యానం అనీ, కాలక్రమంలో పూజలు చేరాయనీ, ఇప్పుడు వాటిని కడిగేస్తే అసలుది బయటపడుతుందనీ అనుకుంటున్నాం. మన నేల మీద దొరికిన రాళ్లు అలా చెప్పవు. అమరావతిలో విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం దానమిచ్చాడు, శాసనం ఉంది. ధ్యానం చేశాడో లేదో ఆ రాతిలో లేదు. ఉన్నది ఏమిటంటే తన పేరూ తన వృత్తీ సిగ్గుపడకుండా చెక్కించుకున్నాడన్నది. నీలిజెండా గారూ, ఈ ఒక్క వాక్యం మీకోసం.

నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో ఒకరు గుర్రాన్ని వదిలారు, ఒకరు స్తూపం కట్టారు. బద్ధకిస్టు గారి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం, విపశ్యన కలిసి ఉండటం ఆంధ్రుల పాత అలవాటే!

మామూలు గృహస్థులు గుంపులు గుంపులుగా కూర్చుని ధ్యానం నేర్చుకోవడం నిజానికి కొత్త. 1885లో ఇంగ్లీషువాళ్లు మాండలే పట్టుకుని బర్మా రాజుని మన రత్నగిరికి తోలేశాక, ధర్మాన్ని కాపాడటానికి రాజు లేడు, ఇక జనమే కాపాడుకోవాలని లెడి సయడా అనే భిక్షువు ఊరూరా తిరిగి రైతులకీ గుమాస్తాలకీ నేర్పాడు. ఆయన శిష్యుల్లో సయా తెట్‌జీ ఒక రైతు, ఆ రైతు శిష్యుడే మాస్టారు చెప్పిన ఏజీ ఆఫీసు పెద్ద. కాబట్టి 'ప్రాచీన పద్ధతిని ఆధునికులు చెడగొడుతున్నారు' అనే వాదన నాకు అంత ఎక్కదు. ఇది మొదటి నుంచీ ఆధునికుల చేతిలోనే పెరిగింది.

విశాఖ దగ్గర మా తొట్లకొండకి వస్తే చూపిస్తాను. కొండ మీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, వాటి వల్లే ఆ పేరు. వరసగా భిక్షువుల గదులు, కింద సముద్రం. తవ్వకాల్లో రోమను నాణేలు దొరికాయి. ప్రపంచం వదిలేసినవాళ్లు ఓడల రాకపోకలు కనిపించే చోటే కూర్చున్నారన్నమాట.

చార్వాకుడు | 14 జనవరి, ఉదయం 10:30

చరిత్ర బాగుంది. కానీ పని చేస్తుందా లేదా అన్నదానికి నాకు అంకెలు కావాలి. నడుం తగ్గింది, మనసు తేలికైంది అని తాయెత్తు కట్టించుకున్నవాళ్లూ చెబుతారు.

మనసు_డాక్టరు | 14 జనవరి, రాత్రి 10:05

విజయవాడలో సైకియాట్రీ ప్రాక్టీసు నాది. అంకెలు అడిగారు కాబట్టి చెబుతాను.

2014లో అమెరికా వైద్య సంఘం పత్రికల్లో ఒకదానిలో పెద్ద సమీక్ష వచ్చింది. 47 ప్రయోగాలు, 3,515 మంది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి, ఈ మూడింటిలో ఓ మోస్తరు ప్రయోజనం ఉందన్నారు. వ్యాయామం, మందులు, ఇతర చికిత్సల కన్నా మెరుగు అనడానికి ఆధారం దొరకలేదన్నారు. అంటే చార్వాకుడు గారి పార్కు నడకని ధ్యానం ఓడించిందని అనలేం. 2022లో ఆందోళన జబ్బు ఉన్న 276 మందిలో సగం మందికి సుధ గారు చేసిన ఎనిమిది వారాల కోర్సు, సగం మందికి ఎస్సిటలోప్రామ్ మాత్ర ఇచ్చి చూశారు. కోర్సు మాత్రకి తీసిపోలేదు. అదే ఏడాది బ్రిటన్ బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లల మీద చేసిన ప్రయోగంలో, మామూలు పాఠాలకన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు ఎక్కువ మేలు చేసినట్టు కనబడలేదు. ఈ మూడూ నిజమే. ఒక్కటే చెప్పేవాడు ఏదో అమ్ముతున్నాడని అర్థం.

ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అందరికీ ఇది పడదు. మతిభ్రమ లాంటి జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు, పాత గాయాలు లోపల పచ్చిగా ఉన్నవాళ్లు ఒకేసారి పది రోజుల మౌనంలోకి దూకకూడదు. దరఖాస్తులో అడిగినప్పుడు దాచకూడదు. ధ్యానం మొదలుపెట్టామని మాత్రలు ఆపకూడదు. బద్ధకిస్టు గారూ, ఈ ఆఖరి ముక్క మీకు కూడా. బీపీ మాత్ర వేసుకుంటూనే ఊపిరి చూసుకోండి.

పేరు_వద్దు | 15 జనవరి, రాత్రి 1:12

డాక్టరు గారి మాట చదివాక రాస్తున్నా. ఏ ఊరి శిబిరమో చెప్పను.

అయిదో రోజు దాకా బాగానే ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం ఒంట్లో కరెంటు పారుతున్నట్టు మొదలైంది. అందరూ అదే మంచి గుర్తు అంటారని విన్నాను కాబట్టి సంతోషపడ్డాను. రాత్రి నిద్ర పట్టలేదు. గుండె దడదడ. రెండో రాత్రి కూడా అంతే. గోడ మీద బల్లి నా గురించే కూర్చుందనిపించింది. నేర్పేవారికి చెబితే "అది కూడా పోతుంది, సమంగా చూడు" అన్నారు. ఆయన తప్పు అనను, ఆయనకి తెలిసింది అదే. కానీ నాకు ఆ సమయానికి కావలసింది ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఇంత పెరుగన్నం పెట్టడం. ఏడో రోజు మా అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. ఇంటికొచ్చాక రెండు వారాలు నా చేతులు నావి కానట్టుండేవి.

ఇప్పుడు బాగున్నాను. కూర్చోను. రోజూ సాయంత్రం డాబా మీద మొక్కలకి నీళ్లు పోస్తాను, అప్పుడు ఫోన్ కింద వదిలేసి వెళతాను. అంతే.

మనసు_డాక్టరు | 15 జనవరి, ఉదయం 8:00

అమ్మా, మీరు వచ్చేయడం సరైన పని. ఇలాంటివి అరుదని కొట్టిపారేసే రోజులు పోయాయి. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో విలోబీ బ్రిటన్ అనే పరిశోధకురాలి బృందం ఇలా ఇబ్బంది పడ్డ ధ్యానుల్ని, వాళ్లకి నేర్పేవాళ్లని కూర్చోబెట్టి విని 2017లో ప్రచురించింది. మీరు చెప్పిన చేతులు నావి కావన్న భావన కూడా అందులో ఉంది. మళ్లీ నిద్ర చెడితే ఆలస్యం చేయకుండా ఎవరికైనా చూపించుకోండి.

ఎడిసన్_సుధ | 15 జనవరి, ఉదయం 8:25

పేరు_వద్దు గారూ, మొక్కలకి నీళ్లు పోయడం చాలు. నిజంగా చాలు.

పిరమిడ్_ప్రసాద్ | 15 జనవరి, ఉదయం 11:40

ఆనాపానసతి (ఊపిరిని గమనించడం) గురించి ఇంత రాసి పిరమిడ్ ధ్యానం ఊసెత్తకపోవడం అన్యాయం. కర్నూలు నుంచి మొదలై ఊరూరా 'శ్వాస మీద ధ్యాస' అని నేర్పింది మేమే. ఫీజు లేదు, గురువు లేడు. నలభై రోజులు కూర్చోండి, మూడో కన్ను దానంతట అదే తెరుచుకుంటుంది.

చార్వాకుడు | 15 జనవరి, ఉదయం 11:44

నాకున్న రెండు కళ్లకే చత్వారం వచ్చిందండీ.

అడ్మిన్ | 15 జనవరి, మధ్యాహ్నం 12:30

దీని కింద వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. మూడో కన్ను, మాంసాహారం, ఎవరి గురువు గొప్ప అన్నవాటికి వేరే చర్చలున్నాయి. ప్రసాద్ గారి మొదటి మూడు వాక్యాల్లో న్యాయం ఉంది కాబట్టి ఆ పోస్టు ఉంచాను.

బద్ధకిస్టు | 16 జనవరి, రాత్రి 10:20

పండగ అయింది. నాలుగు రోజులుగా రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటున్నా, గురక తగ్గింది. నీలిజెండా గారి మాట మాత్రం బుర్రలో తిరుగుతోంది. మాస్టారూ, మీరు దాదాపు ముప్పై ఏళ్లు చేశారు కదా. కోపం పోయిందా? పక్కవాడితో మీ వ్యవహారం మారిందా? మొహమాటం లేకుండా చెప్పండి.

గట్టుమీద_మాస్టారు | 17 జనవరి, తెల్లవారుజామున 4:35

మొహమాటం లేకుండానే చెబుతాను. నా పేరులో ఉన్న గట్టు ధ్యానం గట్టు కాదు, పొలం గట్టు.

మా తమ్ముడికీ నాకూ పదిహేను సెంట్ల దగ్గర హద్దు తగాదా. నేను 1996లో శిబిరం చేశాను, 1998లో వాడి మీద కేసు వేశాను. క్రమం చూడండి! రోజూ పొద్దున గంట కూర్చునేవాణ్ని, మైత్రి భావన చేసేవాణ్ని, సకల జీవులూ సుఖంగా ఉండాలి అనుకునేవాణ్ని. ఆ సకల జీవుల్లో మా తమ్ముడు లేడు. బస్సెక్కి కోర్టుకెళ్లి వాయిదా వేయించుకుని వచ్చేవాణ్ని. పదేళ్లు. కోపం పోలేదు సరికదా, చాలా ప్రశాంతంగా కోపంగా ఉండటం నేర్చుకున్నాను. దాన్ని సాధన అనుకున్నాను కూడా.

2008లో ఒక రోజు లాయరు గారు చెప్పారు, "మాస్టారూ, ఆ తాటిచెట్టు మీ నాన్నగారి హయాం నుంచీ మీ వైపే ఉందని చెప్పేస్తే అయిపోతుంది" అని. ఆ చెట్టు మా తమ్ముడు నాటింది. నాకు తెలుసు, వాడు పదేళ్లవాడప్పుడు, టెంక నేనే తెచ్చిచ్చాను. శిబిరంలో మొదటి రోజు తీసుకునే అయిదు శీలాల్లో అబద్ధం ఆడనన్నది ఒకటి. అంతకు ముందు దాన్ని నేను బడిలో ప్రార్థనలా చదివి వదిలేశాను. ఆ రోజు లాయరు ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుని నోరు తెరిస్తే మాట రాలేదు. వచ్చేశాను. కేసు వెనక్కి తీసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది, అది వేరే కథ. తమ్ముడు మాట్లాడటానికి మరో మూడేళ్లు. ఇప్పుడు ఆ చెట్టు ముంజెలు మా ఇంటికే వస్తాయి.

అందుకని బాబూ, పునర్జన్మ నమ్ముతావా లేదా అన్నది నేను నిన్ను అడగను. శరణం అనడానికి ఇబ్బందైతే మానెయ్. ఆ అయిదూ మాత్రం వదలొద్దు. పదేళ్లు ఒట్టి ఊపిరి నన్ను ఆపలేకపోయింది.

నీలిజెండా | 17 జనవరి, ఉదయం 7:15

మాస్టారూ, నేను రాసింది మీకు తగిలేలా రాయలేదు. కానీ మీరు జవాబు చెప్పిన తీరు నచ్చింది. ఒక్క చిన్న సవరణ. మా ఇళ్లలో బుద్ధవందన అప్పుడు పంచశీల అందరం కలిసి గొంతెత్తి చెబుతాం. ఒంటరిగా చెప్పుకున్న శీలం లాయరు దగ్గర జారిపోవచ్చు. నలుగురి ముందు చెప్పింది అంత తేలిగ్గా జారదు. సంఘం శరణం అన్నది అందుకే అనుకుంటాను.

చార్వాకుడు | 17 జనవరి, ఉదయం 9:00

నా వాదన కాస్త సవరించుకుంటాను. అబద్ధం ఆడొద్దు, దొంగతనం చేయొద్దు అనడానికీ బుద్ధుడు అక్కర్లేదు, మా అమ్మ చాలు. కానీ మా అమ్మ చెప్పింది లాయరు ఆఫీసులో గుర్తు రావాలంటే సోయి కావాలి. కవిత గారి మాటే వాడుకుంటున్నా.

తొట్లకొండ | 17 జనవరి, ఉదయం 9:40

చార్వాకుడు గారూ, మీకు స్టీఫెన్ బాచెలర్ నచ్చవచ్చు. టిబెటన్, కొరియన్ సంప్రదాయాల్లో భిక్షువుగా ఉండి, కాషాయం విడిచి, పునర్జన్మ విషయంలో తెలియదు అని ఊరుకున్న మనిషి. నాలుగు ఆర్యసత్యాలు నమ్మాల్సిన నాలుగు సంగతులు కావు, చేయాల్సిన నాలుగు పనులు అంటాడు. బుద్ధుడి మొదటి ప్రవచనంలోనే ఉంది ఆ మాట: దుఃఖాన్ని తెలుసుకోవాలి, దాని కారణాన్ని వదలాలి, అది ఆగడాన్ని కళ్లారా చూడాలి, దారిని పెంచుకుంటూ పోవాలి. నాలుగూ క్రియలే, నమ్మకం ఒక్కటీ లేదు. నాకు ఆయనతో కొన్ని పేచీలున్నాయి, సుత్తాల్లో తనకి నచ్చనివన్నీ తర్వాత చేరినవే అనేస్తాడని. అవి ఇంకోసారి.

బద్ధకిస్టు | 9 మార్చి, రాత్రి 10:55

ఎనిమిది వారాలైంది, ఎలా ఉందో చెబుతున్నా.

బీపీ 134/86. మాత్ర వల్లా, ఆవకాయ తగ్గించడం వల్లా, నడక వల్లా, కూర్చోవడం వల్లా అన్నది విడదీయలేను. డాక్టరు కూడా విడదీయలేదు. యాభై ఆరు రోజుల్లో నలభై ఒక్క రోజులు కూర్చున్నాను. క్యాలెండర్ మీద టిక్కులు పాపే పెట్టింది, అందుకే అంత కచ్చితం.

కోపం వస్తోంది. మొన్న భిన్నాలు చెబుతుంటే వచ్చింది. తేడా ఏంటంటే దవడ బిగుసుకోవడం ఇప్పుడు ముందే తెలుస్తోంది. అరుపుకీ దవడకీ మధ్య ఒక సందు ఉందని ఇన్నేళ్లూ తెలీదు. సందు చిన్నది, ఆటో కూడా పట్టదు. కొన్నిసార్లు అందులో ఆగగలుగుతున్నా, కొన్నిసార్లు తెలిసి తెలిసీ అరుస్తున్నా. కవిత గారి మాట ఇంట్లో చెప్పడం నా పొరపాటు. ఇప్పుడు మా పాప నా మొహం చూసి నాకన్నా ముందే "నాన్నా, సోయి!" అంటుంది. మొన్న అరిచాను కూడా. అది పెన్సిల్ కింద పెట్టలేదు. "సోయి పోయింది" అని లెక్క చేసుకుంటూ కూర్చుంది.

ఆఫీసులో మాత్రం కొత్త చిక్కు వచ్చింది. ఒక పేద కుటుంబం క్లెయిము, సాంకేతిక కారణం చూపించి తిరగ్గొట్టొచ్చు, ఇన్నాళ్లూ అలాగే చేసేవాణ్ని. ఈసారి రెండు రోజులు సంతకం పెట్టలేకపోయాను. నోట్ రాసి పై అధికారికి పంపాను. ఆయన ఫోన్ చేసి "ఒంట్లో బాలేదా" అని అడిగాడు. ఏమవుతుందో చూడాలి. మాస్టారూ, ఇది మీ తాటిచెట్టు వల్లే.

నీలిజెండా | 9 మార్చి, రాత్రి 11:20

ఈ ఒక్క పేరా కోసం నేను ఈ చర్చలో కూర్చున్నాను అన్నా. క్లెయిము ఏమైందో తప్పకుండా రాయండి.

కొత్తగా_వచ్చా | 11 మార్చి, సాయంత్రం 6:30

అంతా ఒక్క బిగిన చదివాను. ఏప్రిల్‌లో పది రోజుల శిబిరానికి వెళ్దామనుకుంటున్నా. ధ్యానం అంటే మా మేనేజరు నవ్వుతాడు, సెలవివ్వడు. ఏమని అడగాలి?

చార్వాకుడు | 11 మార్చి, సాయంత్రం 6:41

కాశీ యాత్ర అని చెప్పండి, మారు మాట్లాడకుండా ఇస్తాడు.

గట్టుమీద_మాస్టారు | 11 మార్చి, సాయంత్రం 6:58

నాయనా, మొదటి రోజే అబద్ధం ఆడనని చెప్పించుకునే చోటికి అబద్ధం చెప్పి వెళ్తావా!

చార్వాకుడు | 11 మార్చి, సాయంత్రం 7:02

శీలం తీసుకునేది వెళ్లాకే కదా మాస్టారూ. సెలవు అడిగేది వెళ్లకముందు.